సదరు మోకాలు

మా ఖాళీ సంచుల సంరక్షణ మండలి గురించి బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. ధాన్యం సంగతి చూసుకోవడానికి వేరే శాఖలున్నాయి. ధాన్యం పోసిన సంచి సంగతి చూసుకోవడానికి మరికొన్ని శాఖలున్నాయి. ధాన్యం పోయక ముందు, పోసి తీసేసిన తరువాత, సంచి ఒంటరిగా ఉండే కాలం ఒకటుంటుంది. ఆ కాలంలో దాని బాగోగులు చూసేది మేము. తాడేపల్లిగూడెంలో మాది ప్రాంతీయ కార్యాలయం. నేనందులో సీనియర్ అసిస్టెంటును, పేరు గణపతి. ఈ కథలో వచ్చే మెమోలన్నీ టైపు చేసింది నేనే. సంతకాలు పై అధికారులవి, అచ్చుతప్పులు నావి.

బొంతు సువర్ణ గారు మా దగ్గర సంచుల తనిఖీ అధికారి. గోడౌన్లో ఖాళీ సంచుల్ని యాభై చొప్పున కట్టలు కట్టి, ఆ కట్టల్ని కప్పు దాకా దొంతరలుగా పేరుస్తారు. మిగతా తనిఖీ అధికారులు ఎదుటి వరస లెక్కపెట్టి, పక్క వరస లెక్కపెట్టి, రెండూ గుణించి, టీ తాగి వచ్చేస్తారు. సువర్ణ గారు నిచ్చెన వేసుకుని దొంతర ఎక్కి, పైనుంచి మధ్యలోకి చూస్తారు. పదకొండేళ్ళ ఉద్యోగంలో మూడుసార్లు ఆవిడకు మధ్యలో సంచులకు బదులు గాలి కనిపించింది. అప్పటినుంచి ఆవిడ వస్తున్నారంటే గోడౌన్ల వాళ్ళు మర్యాదగా కుర్చీ వేసి, నిచ్చెన దాచేవారు.

ఆ ఏడాది ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఉద్యోగుల ఆరోగ్యమే సంచుల ఆరోగ్యమనీ, కనుక మండలి వ్యవస్థాపక దినం నాడు ప్రతి ఉద్యోగీ విధిగా గోనెసంచి పరుగులో పాల్గొనాలనీ దాని సారాంశం. మామూలు పరుగు పెడితే సరిపోదా అని ఎవరో అడిగారు. మా ప్రాంతీయ మేనేజరు చిదంబరేశ్వరరావు గారు నొచ్చుకున్నారు.

"సంచిలోకి దిగనివాడికి సంచి యొక్క బాధ ఏ విధంగా అవగతమవుతుందయ్యా?" అన్నారు. ఆయన మాత్రం సంచిలోకి దిగలేదు. బాధ అప్పటికే అవగతమైన హోదా ఆయనది.

మార్కెట్ యార్డు ఆవరణలో ముగ్గుపిండితో గీతలు గీశారు. ఇరవై ముగ్గురం సంచుల్లోకి దిగి, నడుం దగ్గర పట్టుకుని గెంతాం. సువర్ణ గారు ముందున్నారు. గీత ఇంకా నాలుగు గెంతుల దూరంలో ఉండగా ఆవిడ సంచి అడుగుకుట్టు ఊడి, కుడిపాదం ఆ కంతలోంచి బయటికొచ్చి నేలకు తన్నిపట్టుకుంది. ఒళ్ళు ఎడమకు తిరిగింది. మోకాలు తిరగలేదు. 'టప్'మని ఒక చప్పుడు వెనకాల గెంతుతున్న నాదాకా వినిపించింది.

వేదిక మీద మైకు పలికింది. "క్రిందపడిన పోటీదారు దయచేసి ట్రాకును ఖాళీ చేయవలసిందిగా కోరడమైనది. వెనుకనున్నవారి ఉత్సాహమునకు అంతరాయం కలుగుచున్నది."

ఆవిడ చేతుల మీద పాక్కుంటూ పక్కకు జరిగారు. తరువాత పాల్గొన్నందుకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. కూర్చున్న చోటికే తెచ్చి ఇచ్చారని చెప్పకపోతే అన్యాయమవుతుంది.

వారం రోజుల్లో మోకాలు గుమ్మడికాయంత అయింది. ఒకరు పుత్తూరు కట్టు కట్టించమన్నారు. ఒకరు ఆవనూనె, ఉప్పు కాపడం అన్నారు. మా స్టోర్ కీపరైతే తన బావమరిదికి అచ్చం ఇలాగే అయిందనీ, ఆపరేషను చేయించాడనీ, ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తున్నాడనీ చెప్పి, అయితే అతనిది భుజమని చివర్లో చెప్పాడు. సువర్ణ గారి భర్త దైవసహాయం ఆటో నడుపుతాడు. ఎవరి మాటా వినకుండా ఆవిణ్ణి ఆటోలో పడుకోబెట్టి రాజమండ్రి తీసుకుపోయాడు.

అక్కడ ఎముకల డాక్టరు షకీలా గారు స్కానింగు చూసి, మోకాలిని ముందుకొకసారి లాగి చూసి, తేల్చి చెప్పారు.

"లోపల ముందువైపు లిగమెంటు పూర్తిగా తెగిందమ్మా. తాడులాంటిదది. ఇంతలా తెగితే దానంతటది అతుక్కోదు."

"అయితే కోసెయ్యాల్సిందేనాండి?" అన్నాడు దైవసహాయం.

"అందరికీ అక్కర్లేదండి. వాపు తగ్గాక తొడ కండరాలు గట్టిపడేలా వ్యాయామం చేస్తే చాలామంది ఆపరేషన్ లేకుండానే నడిచిపోతారు. ఇంట్లో పని, ఆఫీసులో పని, బజారు... ఏ ఇబ్బందీ ఉండదు. కాకపోతే ఎక్కడం, దూకడం, గబుక్కున మలుపు తిరగడం ఉంటే మోకాలు జారుతుంది. జారిన ప్రతిసారీ లోపలి మెత్తలు చిరుగుతాయి. అవి పోతే మోకాలే పోతుంది. ఆపరేషనైతే తొడలోంచి ఒక నరంలాంటిది తీసి కొత్త తాడు వేస్తాం. తొమ్మిది నెలలు ఓపిక పట్టాలి. మూడు నెలలు వ్యాయామం చేసి రండి, అప్పుడు చెబుదురుగాని."

"ఎవరండి చెప్పాల్సింది?" అన్నారు సువర్ణ గారు.

"మీరే. ఈ మోకాలితో మీరేం చేద్దామనుకుంటున్నారో అది నా స్కానింగులో కనపడదు కదా."

ఆ మాట సువర్ణ గారికి బాగా నచ్చింది. ఆఫీసుకు వచ్చి, వ్యాయామం కోసం రోజూ ఒక గంట అనుమతి ఇవ్వాలనీ, ఒకవేళ ఆపరేషను అవసరమైతే సెలవు మంజూరు చేయాలనీ అర్జీ పెట్టారు. కారణం అన్నచోట, నిజాయితీపరురాలు కనుక, 'మండలి వారి పరుగులో మండలి వారి సంచి కుట్టు ఊడినందువల్ల' అని రాశారు.

ఆ ఒక్క వాక్యం మేనేజరు గారి గదిలో మూడు రోజులుంది. నాలుగో రోజు లా ఆఫీసరు ఇందుమతి గారిని పిలిచారు. నోట్సు తీసుకోవడానికి నేనూ వెళ్ళాను.

"చాలా గంభీరమైన అంశం సర్," అన్నారు ఇందుమతి గారు. "తప్పు సంచిది అని తేలితే మండలి గౌరవానికి భంగం. తప్పు మోకాలిది అని తేలితే, అటువంటి మోకాలిని ఉద్యోగంలోకి తీసుకున్నదెవరు అన్న ప్రశ్న ఉత్పన్నమవుతుంది."

"అనగా ఏదీ తేలరాదు," అన్నారు మేనేజరు గారు.

"విచారణ జరగాలి సర్."

"అదే నేనంటున్నది."

ఆ సాయంత్రం నేను టైపు చేసిన మెమో ఇది: 'పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, సదరు ఘటనలో లోపము సంచిదా లేక మోకాలిదా అను అంశము విచారణలో ఉన్నందున, సదరు సంచియు, సదరు మోకాలును ప్రధాన సాక్ష్యములుగా పరిగణింపబడినవి. కావున విచారణ ముగియువరకు సదరు మోకాలును ఎట్టి మార్పులకు, చేర్పులకు, మరమ్మతులకు గురిచేయరాదు. అతిక్రమించినచో సాక్ష్యమును తారుమారు చేసినట్లు భావించబడును.'

సువర్ణ గారు రెండుసార్లు చదివారు.

"ఇదేంటండి గణపతి గారూ, నా మోకాలు నేను బాగుచేయించుకోకూడదా?"

"విచారణ అయ్యేదాకానేనండి," అన్నాను నేను. ఇరవై రెండేళ్ళుగా మా ఆఫీసులో అందరికీ చెబుతున్న మాటే.

మొదటి విచారణ తరువాతి సోమవారం జరిగింది. సంచిని తెల్లగుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి, రికార్డు రూములో బీరువాలో పెట్టారు. తరువాత మోకాలి వంతు వచ్చింది. సువర్ణ గారు చీర కుచ్చిళ్ళు కొద్దిగా పైకి తీసి, స్టూలు మీద కాలు చాపారు. ఇందుమతి గారు టేపు పెట్టి చుట్టుకొలత చెబితే నేను రాసుకున్నాను. 'వాపు కలదు, రంగు ఎరుపు, స్వభావం సహకరించనిది' అని పంచనామా తయారైంది. ఇద్దరు అటెండర్లు సాక్షి సంతకాలు చేశారు.

"రెండు సాక్ష్యములూ ఒకే చోట భద్రపరచబడాలి," అన్నారు మేనేజరు గారు. "మోకాలిని కూడా రికార్డు రూముకు తరలించండి."

"నేను రాకుండా అదొక్కటే రాదండి," అన్నారు సువర్ణ గారు.

మేనేజరు గారు కొంచెంసేపు ఆలోచించి, మీరు కూడా వెళ్ళవచ్చునని ఉదారంగా అనుమతించారు.

అలా ఆవిడ పోస్టింగు రికార్డు రూముకు మారింది. గుమ్మం దగ్గర ఒక రిజిస్టరు పెట్టాం. ఉదయం పదింటికి 'మోకాలు జమ', సాయంత్రం అయిదింటికి 'రేపు తిరిగి హాజరుపరచు షరతుపై ఇంటికి విడుదల'. ఆదివారాలకు, పండగలకు ముందురోజే ముందస్తు విడుదల రాయించుకోవాలి. గుడ్ ఫ్రైడేకి రాయడం మర్చిపోతే ఆ రోజు పొద్దున్న దైవసహాయం ఆటో వేసుకుని మా ఇంటికొచ్చాడు.

"మా ఆవిడ మోకాలు చర్చికి తీసుకెళ్ళొచ్చాండి, లేదాండి? చెప్పండి, ప్రార్థనకి టైమైపోతోంది," అన్నాడు. అతను ఎగతాళి చేస్తున్నాడో, నిజంగా అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. ఎందుకైనా మంచిదని చీటీ రాసిచ్చాను.

రికార్డు రూములో మాత్రం సువర్ణ గారు ఖాళీగా కూర్చోలేదు. డాక్టరు గారు నేర్పిన వ్యాయామాలు చేసేవారు. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకుని నొక్కేవారు. బీరువా పట్టుకుని సగం కూర్చుని లేచేవారు. మొదట్లో పళ్ళు బిగించి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా చేసేవారు. మెల్లగా వాపు దిగింది. రెండు నెలలకు కర్ర లేకుండా నడుస్తున్నారు. చూసి మేమంతా సంతోషించాం, రెండో విచారణ జరిగేదాకా.

ఇందుమతి గారు టేపు పెట్టి కొలిచి, పాత కాగితం చూసి, మళ్ళీ కొలిచారు.

"సర్, గత విచారణలో నమోదైన వాపు కనిపించడం లేదు."

మేనేజరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సువర్ణ గారూ, ప్రభుత్వ రికార్డులో ఉన్న వాపును తాము ఏం చేశారు?"

"తగ్గిందండి."

"ఎవరి అనుమతితో తగ్గింది?"

నలభై ఎనిమిది గంటల్లో సంజాయిషీ ఇవ్వాలని మెమో ఇచ్చాం. దానికి ఆవిడ రాసిన జవాబు ఫైల్లో ఇప్పటికీ ఉంది: 'సదరు వాపు నాకు కూడా చెప్పకుండా వెళ్ళిపోయినది. తిరిగి వచ్చినచో వెంటనే కార్యాలయమునకు తెలియజేయగలను.' మేనేజరు గారు చదివి, భాష సక్రమంగా ఉన్నదని సంతృప్తి వ్యక్తం చేశారు.

ఆ సంతృప్తిలోనే ఆయన ఒక ప్రతిపాదన చేశారు. సువర్ణ గారిని పిలిచి ఎదుట కుర్చీలో కూర్చోబెట్టారు. అంత మర్యాద ఆ గదిలో ఎప్పుడూ చూడలేదు నేను.

"మీరు నడుచుచున్నారు. సంతోషం. మిమ్మల్ని శాశ్వతంగా సాక్ష్య సంరక్షణాధికారిగా నియమించుటకు మండలి సుముఖంగా ఉన్నది. ఫ్యాను, మెత్తటి కుర్చీ. ఎక్కుట లేదు, దిగుట లేదు. ఎక్కుట లేనప్పుడు ఆపరేషను లేదు. ఆపరేషను లేనప్పుడు సమస్యే లేదు. ఆలోచించుకోండి."

నిజం చెప్పాలంటే అది మంచి బేరమే. సువర్ణ గారు కూడా అలాగే అనుకున్నారట. ఆ సంగతి తరువాత ఆవిడే చెప్పారు. ఇంటికెళ్ళి భర్తతో అంటే, అతను ఊపిరి పీల్చుకున్నాడు.

"ఒప్పేసుకో సువర్ణా. కత్తి పెట్టించుకుని తొమ్మిది నెలలు మంచాన పడ్డమెందుకు? నడుస్తున్నావు, వండుతున్నావు, చర్చి మెట్లెక్కుతున్నావు. ఆ సంచుల మీదకి నువ్వెక్కకపోతే ఎవరి కొంప మునుగుద్ది?"

"ఎవరిదీ మునగదండి," అన్నారట ఆవిడ. "నాకూ భయంగానే ఉంది. మత్తిచ్చాక లేవకపోతే ఎలాగని రోజూ అనుకుంటున్నాను."

మరునాడు ఒప్పుకుంటూ కాగితం రాయడానికి కూర్చున్నారు. అప్పుడే నేను ఒక ఫైలు పట్టుకుని రికార్డు రూములోకి వెళ్ళాను. ఆవిడ స్థానంలో వేసిన కొత్త తనిఖీ అధికారి పంపిన మొదటి నివేదిక అది. అంతా సవ్యంగా ఉన్నట్టు రాశాడు. సువర్ణ గారు ఊరికే అందుకుని తిరగేశారు. ఒకచోట ఆగిపోయారు.

"పెంటపాడు రోడ్డు గోడౌను, దొంతర ఎత్తు నలభై వరసలా?"

"అలాగే రాశాడండి."

"ఆ గోడౌన్లో ముప్పై రెండో వరసకే కప్పు తగులుద్దండి గణపతి గారూ. నా నెత్తికి ఎన్నిసార్లు కొట్టుకుందో! ఈయన మిగతా ఎనిమిది వరసలూ ఆకాశంలో పేర్చాడా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. తాను రాస్తున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చించి, చెత్తబుట్టలో వేశారు. కుడిమోకాలి మీద చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చున్నారు.

ఆ శనివారం సెలవు పెట్టి రాజమండ్రి వెళ్ళారు. డాక్టరు గారు మోకాలు చూసి మెచ్చుకున్నారు. "చాలా బాగా చేశారమ్మా. ఇలాగే ఉంచుకుంటే ఆపరేషన్ లేకుండా గడిచిపోతుంది. ఏమనుకున్నారు?"

"గడిచిపోవడం కాదండి, ఎక్కాలి," అన్నారు సువర్ణ గారు. "నిన్న ఇంటిదగ్గర నిచ్చెన రెండు మెట్లెక్కి చూశాను. దిగేటప్పుడు జారింది. మీరు కొత్త తాడు వెయ్యండి. కాకపోతే ఒక్కటి చెప్పండి, మళ్ళీ లేస్తానా?"

"లేపడం నా పని. ఎక్కడం మీ పని. దానికి నేను హామీ ఇవ్వలేను, ప్రయత్నిస్తాను."

దైవసహాయం బయటికొచ్చాక ఒక్క మాటే అన్నాడట. "రోజూ ఆటోలో నేనే తిప్పుతాన్లే. భయపడకు."

ఇటు ఆఫీసులో మూడో విచారణ సిద్ధమైంది. వాపు మాయమైంది కనుక ఘటనను ఉన్నదున్నట్టుగా మళ్ళీ జరిపించి చూడాలని మేనేజరు గారు, ఇందుమతి గారు ఉన్న విచారణ కమిటీ తీర్మానించింది. అదే ఆవరణ, అదే సంచి, అదే మోకాలు. లక్క ముద్ర పగలగొట్టి సంచిని బయటికి తీశారు. మేనేజరు గారు గొడుగు కింద కూర్చున్నారు.

"సువర్ణ గారూ, సంచిలోకి దిగండి."

"దిగనండి."

"విచారణకు సహకరించకపోవుట తీవ్రమైన విషయము."

"గెంతితే మిగిలింది కూడా చిరుగుద్దని డాక్టరు గారు రాసిచ్చారండి." ఆవిడ కాగితం ఇచ్చారు. ఇందుమతి గారు చదివి, ఆరోగ్యమున్న మరొక మోకాలును ప్రతినిధిగా పరీక్షించవచ్చునని నిబంధనలు చూసి చెప్పారు. ఆరోగ్యమున్న మోకాలి కోసం అందరూ చుట్టూ చూశారు. అందరి చూపూ నా దగ్గర ఆగింది.

నేను దిగాను. ఆ సంచిలో, ఆ ఎండలో, ముగ్గురు అధికారుల ఎదుట, ఊడిన కుట్టున్న వైపు పాదం పడకుండా జాగ్రత్తగా ఆరు గెంతులు గెంతాను. నాకేమీ కాలేదు. సంచి నిర్దోషి అని నమోదు చేశారు. ఆ వాక్యం కూడా నా చేతే రాయించారు. రాస్తూ తలెత్తితే సువర్ణ గారు నా వైపే చూస్తున్నారు. కోపంగా చూసినా బాగుండేది.

ఆవిడ ఇంకో కాగితం తీసి మేనేజరు గారి ముందు పెట్టారు.

"రేపటినుంచి మోకాలు సెలవులో ఉంటుందండి. బుధవారం ఆపరేషను. సాక్ష్యం కావాలంటే ఆస్పత్రికొచ్చి చూసుకోండి. ఉత్త చేతుల్తో మాత్రం రాకండి, బత్తాయిలు పట్టుకురండి."

"ఇది తారుమారు! సాక్ష్యమును తారుమారు చేయుట!" అని మేనేజరు గారు లేచారు. ఆవిడ అప్పటికే గేటు దగ్గరున్నారు. దైవసహాయం ఆటో స్టార్టు చేశాడు.

ఆపరేషను బాగానే జరిగింది. తరువాతి కాలం మాత్రం కథలో చెప్పినంత తేలిక కాదు. మొదటి నెల మంచం దిగాలంటే భర్త భుజం కావాలి. రెండో నెల మోకాలు వంగనని మొండికేసింది. ఒకసారి నేను బత్తాయిలు పట్టుకుని వెళ్తే, "తప్పు చేశానేమోనండి, రికార్డు రూములో ఆ కుర్చీయే బాగుండేది కదా," అని కళ్ళొత్తుకున్నారు. నేను బత్తాయి ఒలిచి ఇచ్చాను. మర్నాడు మళ్ళీ తువ్వాలు చుట్టుకుని వ్యాయామం మొదలుపెట్టారట. పది నెలలు పట్టింది డాక్టరు గారు సరే అనడానికి. అప్పటికి నలభై వరసల నివేదిక రాసినాయనకు పై ఊరికి పదోన్నతి రావడంతో, తనిఖీలకు మనిషి లేక, ఆవిణ్ణి పాత పోస్టులోకే తీసుకున్నారు.

విచారణ నివేదిక అటు తరువాత నెలకు వచ్చింది. చేతికిచ్చి సంతకం తీసుకురమ్మని నన్ను పంపారు. పెంటపాడు రోడ్డు గోడౌనుకు వెళ్ళాను. సువర్ణ గారు దొంతర పైన ఉన్నారు, కప్పుకు తల తగలకుండా వంగి, మధ్యలోకి చూసి లెక్కపెడుతున్నారు.

"చదవండి గణపతి గారూ, వింటాను," అన్నారు పైనుంచే.

చదివాను. "సదరు మోకాలును శస్త్రచికిత్స ద్వారా మార్పునకు గురిచేసినందున విచారణకు తీరని విఘాతము కలిగినది. కావున ఈ ఉత్తర్వు అందిన పదిహేను దినములలోగా సదరు మోకాలును పూర్వస్థితికి పునరుద్ధరించి, కమిటీ ఎదుట హాజరుపరచవలెను. జవాబు క్రింది ఖాళీలో నింపి పంపవలెను."

పైనుంచి నవ్వు వినిపించింది.

"జవాబు మీరే రాసెయ్యండి బాబూ. నేను లెక్క మధ్యలో ఉన్నాను. పంతొమ్మిది..."

నేను నిచ్చెనకు ఆనుకుని పెన్ను తీశాను. చెయ్యి అలవాటుగా 'పై విషయమును పురస్కరించుకొని' అని మొదలుపెట్టింది. కొట్టేశాను. కింద, నాకు తెలిసిన తెలుగులో రాశాను: 'మోకాలు పనిలో ఉంది. ఇవ్వడం కుదరదు.'